ఒళ్లు మాది, ఈల మీదా?

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము ఒక లైన్‌మన్ గురించి మాట్లాడాలని వచ్చాం. లైన్‌మన్ అనగానే మన ఊళ్లలో కరెంటు స్తంభం ఎక్కే మనిషి గుర్తొస్తాడు. ఈయన ఆ లైన్‌మన్ కాదు. అమెరికావాళ్లు ఆడే ఫుట్‌బాల్‌లో ముందు వరసలో నిలబడి, ఎదుటివాళ్ల దెబ్బను ఒంటితో ఆపే ఆటగాణ్ణి లైన్‌మన్ అంటారు. ఈయన పేరు ఆర్ట్ షెల్. నల్లజాతి మనిషి. నల్లపిల్లల బడిలో ఆడాడు. నల్లవాళ్ల కాలేజీలో ఆడాడు. ఓక్‌లాండ్ రైడర్స్ అనే జట్టులో పదిహేనేళ్లు ఆడి పొట్ట పోసుకున్నాడు. ఆ తర్వాత అదే జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. 1989 అక్టోబర్ 3న ఆయనకు ఆ పదవి ఇచ్చారు. ఆధునిక కాలంలో ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక నల్లవాడు ప్రధాన కోచ్ కావడం అదే మొదటిసారి.

అమెరికా ఆటతో మనకేం పని అని మీలో కొందరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. అక్కడి నల్లవాడి స్థితికీ ఇక్కడి అంటరానివాడి స్థితికీ ఎంతో పోలిక ఉందనీ, ఆ చదువు మనకు అవసరమనీ ఆయన భావించారు. కాబట్టి ఆ దారి మనది కాదని ఎవరూ అనుకోవద్దు. అక్కడ ఒళ్లు ఎవరు వంచుతారు, ఆజ్ఞ ఎవరు ఇస్తారు అనే ప్రశ్నే ఇవాళ మన ముందున్న ప్రశ్న.

ముందు ఆట సంగతి చెప్తాం. మనం బడిలో కాలితో తన్నే ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. వంద గజాల మైదానం. పక్కకు 11 మంది. రెండు కొసలూ సన్నగా ఉండే బంతి. దాన్ని చేత పట్టుకుని పరుగెత్తొచ్చు, ముందుకు విసరొచ్చు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. దాడి చేసే జట్టులో ముందు వరసలో ఐదుగురు ఉంటారు. మధ్యలో సెంటర్, ఆయనకు అటూ ఇటూ గార్డులు, వాళ్లకు అటూ ఇటూ టాకిల్స్. ఆర్ట్ షెల్ ఎడమవైపు టాకిల్. ఈ ఐదుగురి పని దారి చెయ్యడం. ముందుకు విసిరిన బంతిని పట్టుకునే హక్కు మామూలుగా వీళ్లకు లేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఎవడూ పడకుండా కాయాలి. బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి సందు చెయ్యాలి. పరుగెత్తినవాడి పేర గజాలు రాస్తారు. విసిరినవాడి పేర విసుర్లు రాస్తారు. దారి చేసినవాడి పేర రాయడానికి లెక్కల పుస్తకంలో గడి లేదు. లైన్‌మన్ తప్పు చేసినప్పుడే అతని నంబరు మైకులో వినబడుతుంది.

చూశారా, ఇది మనకు తెలిసిన కథే. మిద్దె కట్టిన మనిషికి గృహప్రవేశం నాడు పంక్తిలో చోటుండదు గదా!

ఇక్కడ ఒక మోసం ఉంది. లైన్‌మన్ అంటే కండ అనీ, బుర్రతో పనిలేదనీ ప్రచారం చేశారు. నిజం ఏమిటి? బంతి కదలక ముందు ఆ నాలుగైదు క్షణాల్లో లైన్‌మన్ ఎదుటివాడి కాళ్లు చూస్తాడు. నేలకు ఆనించిన వేళ్ల మీద ఎంత బరువు వేశాడో చూస్తాడు. బరువు ముందుకుంటే దూకుతాడు, వెనక్కుంటే పక్కకు జరుగుతాడు. వెనకున్న కాపలావాళ్లు ఎక్కడ నిలబడ్డారో లెక్క వేస్తాడు. పక్కనున్న గార్డుకు గుర్తు చెప్తాడు. అప్పటికప్పుడు వ్యూహం మారిస్తే తన పనీ మార్చుకుంటాడు. ఇన్ని చూసి, ఇన్ని తేల్చుకుని, ఆ తర్వాతే ఒళ్లు కదుపుతాడు. ఇది చదువు కాదా? నాగలి పట్టినవాడికి మన్ను చదువు ఉన్నట్టే, చెప్పు కుట్టినవాడికి తోలు చదువు ఉన్నట్టే, లైన్‌మన్‌కు ఆట చదువు ఉంది. ఆ చదువును చదువుగా ఒప్పుకోకపోవడంలోనే అసలు రాజకీయం ఉంది.

ఆర్ట్ షెల్ 1946 నవంబర్ 26న దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో పుట్టాడు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని ఓడల్లోంచి దించి అమ్మిన పెద్ద రేవుల్లో చార్లెస్టన్ ఒకటి. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు చేసిన అంతర్యుద్ధంలో మొదటి ఫిరంగి 1861లో పేలింది ఆ రేవులోనే. అలాంటి ఊళ్లో నల్లపిల్లలకు వేరే బడి. షెల్ చదివింది నార్త్ చార్లెస్టన్‌లోని బాండ్స్-విల్సన్ హైస్కూల్. అక్కడ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడాడు.

వేరే బడి అంటే ఎట్లా ఉండేదో వినండి. అదే రాష్ట్రంలో క్లారెండన్ అనే కౌంటీలో తెల్లపిల్లల్ని బడికి తీసుకెళ్లడానికి 30 బస్సులు ఉండేవి. నల్లపిల్లలకు ఒక్కటీ లేదు. మైళ్లకొద్దీ నడిచేవాళ్లు. ఒక్క బస్సు ఇవ్వండి చాలు అని తల్లిదండ్రులు అడిగారు. ఇవ్వలేదు. ఆ తగాదా పెరిగి పెరిగి సుప్రీంకోర్టు దాకా పోయింది. వేరువేరు బడులు చెల్లవని 1954లో కోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో కలిసిన కేసుల్లో ఈ బస్సు కేసు కూడా ఒకటి. తీర్పు 1954లో వచ్చింది. చార్లెస్టన్‌లో తెల్లపిల్లల బడుల్లోకి మొదటి నల్లపిల్లలు అడుగుపెట్టింది 1963లో, అదీ 11 మంది. అప్పటికి షెల్ బడి చదువు ముగింపుకు వచ్చేసింది. చట్టం కాగితం మీద ఎప్పుడు పుట్టింది, మన గడపకు ఎప్పుడు వచ్చింది అని రెండు తేదీలు రాసుకోవడం మనం నేర్చుకోవాలి.

మరో సంగతి. వేరు చేసిన ఆ బడుల్లో హెడ్మాస్టరూ నల్లవాడే, కోచ్ కూడా నల్లవాడే. ఆ తర్వాత బడులు కలిపినప్పుడు ఏం చేశారు? పిల్లల్ని కలిపారు, పెద్దల్ని తీసేశారు. దక్షిణాది అంతటా వేలమంది నల్ల టీచర్ల ఉద్యోగాలు పోయాయి. నల్ల హెడ్మాస్టర్లు, కోచ్‌లు తెల్లవాళ్ల కింద సహాయకులుగా మారారు, లేదా ఇంటికి పోయారు. నల్లపిల్లవాడి కాళ్లు కావాల్సి వచ్చాయి, నల్ల కోచ్ నోరు అక్కర్లేకపోయింది. కలుపుకోవడం అనే మాట వినబడినప్పుడల్లా మనం అడగాల్సింది ఇదే. ఎవర్ని కలుపుకుంటున్నారు? ఏ కుర్చీ దాకా కలుపుకుంటున్నారు?

షెల్ కాలేజీ చదువుకు మేరీలాండ్ రాష్ట్రంలో ప్రిన్సెస్ ఆన్ అనే చిన్న ఊళ్లోని మేరీలాండ్ స్టేట్ కాలేజీకి వెళ్లాడు. అది నల్లవాళ్ల కాలేజీ. ఆ ఊరి చరిత్ర చెప్పకుండా ముందుకు పోలేం. 1933 అక్టోబర్‌లో అక్కడ జార్జ్ ఆర్మ్‌వుడ్ అనే నల్ల యువకుణ్ణి తెల్లమూక జైల్లోంచి ఈడ్చుకొచ్చి చంపింది. మేరీలాండ్ రాష్ట్రంలో నమోదైన ఆఖరి మూకహత్య అది. 1964 ఫిబ్రవరిలో అదే ఊళ్లో నల్ల విద్యార్థులు హోటళ్లలో తమకూ చోటివ్వాలని ఊరేగింపు తీస్తే, పోలీసు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. ఆ విద్యార్థులు చదివింది ఈ కాలేజీలోనే. హోటల్లో ఒక కప్పు కాఫీ కోసం కుక్క కాట్లు! మన టీ దుకాణాల్లో రెండు గ్లాసులు చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ చిన్న కాలేజీ ఎంతటి ఆటగాళ్లను తయారు చేసిందో చూడండి. 1969 జనవరిలో జరిగిన మూడో సూపర్ బౌల్, అంటే దేశపు ఆఖరి పోటీలో, రెండు జట్లలో కలిపి ఈ కాలేజీ నుంచి వచ్చినవాళ్లే ఐదుగురు ఉన్నారు. పెద్దపెద్ద తెల్ల విశ్వవిద్యాలయాలు గేట్లు మూసుకుని కూచుంటే ప్రతిభ అంతా ఇలాంటి కాలేజీల్లో పోగుపడింది. ప్రతిభ లేక కాదు, పిలుపు లేకనే మనవాళ్లు కనబడలేదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

1968 వచ్చింది. ఆ సంవత్సరం జనవరి ఆఖర్లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నాయి. వారం రోజులు గడిచాయో లేదో, ఫిబ్రవరి 8న షెల్ సొంత రాష్ట్రంలోని ఆరంజ్‌బర్గ్‌లో పోలీసులు నల్ల విద్యార్థుల మీద కాల్పులు జరిపి ముగ్గుర్ని చంపారు. వాళ్లు చేసిన నేరం ఏమిటి? ఊళ్లో బౌలింగ్ ఆడే చోటు ఒకటుంది, అందులోకి నల్లవాళ్లను రానివ్వడం లేదు, మమ్మల్నీ ఆడనివ్వండి అన్నారు. ఆట ఆడనివ్వమన్నందుకు తుపాకీ గుండ్లు! ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. షెల్ ఆడబోయిన ఓక్‌లాండ్ నగరం బ్లాక్ పాంథర్ పార్టీ 1966లో పుట్టిన ఊరు. ఆ పేరు మీదే 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు లేచారు. షెల్ ఆ పార్టీ మనిషని మేము చెప్పడం లేదు. ఆయన పుట్టిందీ, చదివిందీ, పనిచేసిందీ ఎలాంటి నేల మీదో తెలియాలని చెప్తున్నాం.

ఆ 1968 ఎంపికలోనే ఒక పాఠం ఉంది. ఓక్‌లాండ్ జట్టు మొదట పిలిచింది ఎల్డ్రిడ్జ్ డికీ అనే నల్ల క్వార్టర్‌బ్యాక్‌ను. రెండోసారి పిలిచింది కెన్ స్టేబ్లర్ అనే తెల్ల క్వార్టర్‌బ్యాక్‌ను. మూడోసారి పిలిచింది లైన్‌మన్ షెల్‌ను. ఆ తర్వాత ఏమైంది? డికీని క్వార్టర్‌బ్యాక్ స్థానం నుంచి తప్పించి, బంతి పట్టుకుని పరుగెత్తే స్థానంలో వేశారు. ఆజ్ఞలిచ్చే స్థానం స్టేబ్లర్‌దయింది. కాపలా కాసే స్థానం షెల్‌దయింది. ఇది ఒక్క జట్టు గుణమేమీ కాదు. 1970లో జాన్ లాయ్, జోసెఫ్ మెక్‌ఎల్వోగ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా ఆటలను లెక్కగట్టి చూశారు. నిర్ణయాలు తీసుకునే నడిమి స్థానాల్లో తెల్లవాళ్లు, అంచు స్థానాల్లో నల్లవాళ్లు పోగుపడి ఉన్నారని తేల్చారు. ఆ తర్వాత కోచ్‌ల్ని ఎంచుకునేటప్పుడు నడిమి స్థానాల్లో ఆడినవాళ్లకే అనుభవం ఉందన్నారు. ముందు బుర్ర పని ఇవ్వరు, ఆ తర్వాత బుర్ర పని అనుభవం లేదంటారు. గుళ్లోకి రానివ్వక, మంత్రం రాదని వెక్కిరించినట్టే గదా ఇది!

షెల్ మొదటి రెండేళ్లు ఎక్కువగా బంతి తన్నే సమయాల్లో మాత్రమే మైదానంలోకి దిగే దళంలో ఆడాడు. 1970 నుంచి ఎడమ టాకిల్ స్థానం ఆయనది. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, 120 కిలోల ఒళ్లు. పక్కన గార్డు స్థానంలో జీన్ అప్‌షా, ఆయనా నల్లవాడే, టెక్సాస్‌లోని చిన్న కాలేజీ నుంచి వచ్చినవాడు. ఈ ఇద్దరూ పదేళ్లకు పైగా భుజం భుజం ఆనించి ఎడమవైపు గోడలా నిలబడ్డారు. షెల్ 207 ఆటలు ఆడాడు. దేశంలోని మేటి ఆటగాళ్ల పోటీకి ఎనిమిది సార్లు ఎంపికయ్యాడు. అప్‌షా తర్వాత ఆటగాళ్ల యూనియన్‌కు నాయకుడై 1983 నుంచి 2008లో చనిపోయేదాకా నడిపించాడు. ముందు వరసలో నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు యూనియన్‌ను నడిపాడు, ఒకరు జట్టును నడిపాడు. బుర్ర లేదన్న వరస నుంచి!

1977 జనవరి 9న కాలిఫోర్నియాలోని పాసడీనాలో లక్షమందికి పైగా జనం ముందు సూపర్ బౌల్ జరిగింది. ఓక్‌లాండ్ 32, మిన్నెసోటా 14. ఓక్‌లాండ్ ఆటగాళ్లు బంతితో పరుగెత్తి సంపాదించింది 266 గజాలు. అందులో ఎక్కువ భాగం షెల్, అప్‌షా తెరిచిన ఎడమవైపు దారిలోనే. ఆ రోజు షెల్‌కు ఎదురుగా నిలబడ్డవాడు జిమ్ మార్షల్, పేరుమోసిన ఆటగాడు. ఆట ముగిసేసరికి ఆయన పేర ఒక్క టాకిల్ కూడా లేదు. ఇప్పుడు ఈ బొమ్మను కొంచెం వెనక్కి జరిగి చూడండి. ఢీకొన్న షెల్ నల్లవాడు. ఢీకొన్న మార్షల్ నల్లవాడు. ఎట్లా ఢీకొనాలో పక్కన నిలబడి చెప్పిన ఇద్దరు ప్రధాన కోచ్‌లు, జాన్ మాడెన్, బడ్ గ్రాంట్, ఇద్దరూ తెల్లవాళ్లు. వాళ్లు మంచి కోచ్‌లే, మాకు వాళ్లతో తగాదా లేదు. ఆ రోజు ఆ దేశంలో ఏ జట్టుకూ నల్ల ప్రధాన కోచ్ లేడు. మా తగాదా దానితో.

ఎప్పుడూ లేరా అంటే, ఒకాయన ఉన్నాడు. ఫ్రిట్జ్ పొలార్డ్. 1920లో ఆక్రన్ జట్టును గెలిపించిన నల్ల ఆటగాడు, 1921లో దానికి కోచ్ బాధ్యత కూడా మోశాడు. అంటే లీగ్ పుట్టినప్పుడే నల్లవాడు నడిపించాడు. ఆ తర్వాత తలుపు మూశారు. 1934 నుంచి 1945 దాకా ఆ లీగ్‌లో ఒక్క నల్ల ఆటగాడు కూడా లేడు. చట్టం రాయలేదు, బోర్డు కట్టలేదు, యజమానులు లోపల్లోపల మాట్లాడుకున్నారంతే. మన దగ్గర ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఎక్కడా రాసి పెట్టకుండానే కులం అడిగినట్టు.

ఆ తలుపు ఎట్లా తెరుచుకుంది? ఈ మాట శ్రద్ధగా వినండి. 1946లో ఒక జట్టు లాస్ ఏంజెలెస్‌కు వచ్చి అక్కడి కొలీజియం స్టేడియం అడిగింది. ఆ స్టేడియం జనం పన్ను డబ్బుతో కట్టింది. నల్లవాళ్ల పత్రికల విలేకరులు లేచి, మా డబ్బుతో కట్టిన స్టేడియంలో మావాళ్లు లేని జట్టు ఎట్లా ఆడుతుంది అని నిలదీశారు. ఆ ఒత్తిడికి కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరు నల్ల ఆటగాళ్లను తీసుకోక తప్పలేదు. దేశ రాజధాని వాషింగ్టన్ జట్టు యజమాని మాత్రం ఇంకో పదిహేనేళ్లు మొండికేశాడు. ఆ జట్టు కొత్త స్టేడియం ప్రభుత్వ భూమిలో ఉంది. కెనెడీ ప్రభుత్వం 1961లో ఆ మెలిక పట్టుకుంది. నల్లవాళ్లను తీసుకోకపోతే స్టేడియం లేదంది. 1962లో ఆ జట్టులోకి నల్ల ఆటగాళ్లు వచ్చారు. రెండుసార్లూ యజమాని గుండె కరగలేదు. భూమి ఎవరిది అనే ప్రశ్న అతన్ని వంచింది. మన దగ్గర ప్రభుత్వ భూమి, ప్రభుత్వ నీళ్లు, ప్రభుత్వ రాయితీలు తీసుకుని, రిజర్వేషన్ అనగానే మాది ప్రైవేటు అనే కంపెనీలకు ఈ రెండు కథలూ వినిపించాలి.

1965లో ఇంకోటి జరిగింది. ఒక లీగ్ మేటి ఆటగాళ్ల పోటీని న్యూ ఆర్లియన్స్‌లో పెట్టారు. అక్కడ నల్ల ఆటగాళ్లను టాక్సీ ఎక్కనివ్వలేదు, హోటళ్లలోంచి గెంటేశారు. 21 మంది నల్ల ఆటగాళ్లు ఒక గదిలో కూచుని, మేము ఇక్కడ ఆడం అని తీర్మానించారు. పోటీ హ్యూస్టన్‌కు మారింది. ఇలా దారి చేసినవాళ్ల వెనకే షెల్ నడిచాడు. ఏ మనిషీ ఒంటరిగా పైకి రాడు. వచ్చానని చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

షెల్ 1982తో ఆట ఆపి, 1983 నుంచి అదే జట్టులో లైన్‌మన్లకు శిక్షణ ఇచ్చాడు. ఆటగాడిగా ఆయన్ను 1989లో ప్రఖ్యాతుల మందిరంలో చేర్చారు. అదే ఏడు ఆ జట్టు మొదటి నాలుగు ఆటల్లో మూడు ఓడిపోయింది. యజమాని ఆల్ డేవిస్ పాత కోచ్‌ను తీసేసి షెల్‌ను పెట్టాడు. అక్టోబర్ 9న న్యూయార్క్ జెట్స్ మీద 14–7తో మొదటి గెలుపు. మరుసటి ఏడు 1990లో 12 గెలుపులు, 4 ఓటములు. ఆఖరి మెట్టు ముందు మెట్టులో బఫలో చేతిలో 51–3తో చిత్తుగా ఓడారు. అదీ చెప్పాలి.

పదవి వచ్చిన రోజు షెల్ ఏమన్నాడంటే, దీని చారిత్రక విలువ నాకు తెలుసు, గర్వంగా ఉంది, అయితే ఈ నిర్ణయంలో నా రంగు పాత్ర ఉందనుకోను అన్నాడు. ఆ మాట మీద మనకో మాట ఉంది. ఆ ఒక్క నిర్ణయంలో రంగు లేకపోవచ్చు. అంతకు ముందు ఆరు దశాబ్దాల పాటు, అన్ని జట్లలో, అన్ని నిర్ణయాల్లోనూ రంగే ఉంది. నల్లవాణ్ణి పెట్టినప్పుడే రంగు గురించి అడుగుతారు. తెల్లవాడి వెనక తెల్లవాణ్ణి పెడుతూ పోయినప్పుడు అది ప్రతిభ అంటారు. మండల్ రోజుల్లో 1990లో మన వీధుల్లో వినిపించిన ప్రతిభ పాట కూడా ఇదే.

1994 ఆటల ఏడు 9 గెలుపులు, 7 ఓటములతో ముగిశాక షెల్‌ను తీసేశారు. అప్పటికి ఆయన మొత్తం లెక్క 54 గెలుపులు, 38 ఓటములు. ఆయన తర్వాత వచ్చిన కోచ్ రెండేళ్లలో గెలిచింది 15, ఓడింది 17. షెల్ మళ్లీ ఇతర జట్లలో లైన్‌మన్ల శిక్షకుడిగా, ఒకరి కింద పనికి పోయాడు. పదకొండేళ్ల తర్వాత 2006లో అదే యజమాని మళ్లీ పిలిచాడు. ఆ ఏడు 2 గెలుపులు, 14 ఓటములు. మళ్లీ తీసేశారు.

ఆ 2–14ను మనం దాచొద్దు. మనవాడు ఓడిపోతే తలదించుకోవడం మనకు నేర్పించిన అలవాటు. తెల్ల కోచ్ ఓడిపోతే అతనొక్కడే ఓడిపోతాడు, మరో తెల్లవాడికి దారి మూసుకుపోదు. నల్ల కోచ్ ఓడిపోతే జాతి ఓడిపోయిందంటారు. మన పిల్లవాడు ఇంజనీరింగ్‌లో ఒక పేపరు తప్పితే కోటావాడు అంటారు, పక్కవాడు మూడు తప్పినా అతనికి ఒంట్లో బాగాలేదంటారు. సమానత్వం అంటే గెలిచే అవకాశం ఒక్కటే కాదు. అందరిలాగా ఓడి, అందరిలాగా మళ్లీ లేచే హక్కు కూడా.

ఒక్క షెల్ రావడంతో తలుపులు బార్లా తెరుచుకోలేదు. 2002లో జానీ కాక్రన్, సైరస్ మెహ్రీ అనే లాయర్లు లెక్కలు తీసి ఒక నివేదిక వేశారు. నల్ల కోచ్‌లు సగటున తెల్ల కోచ్‌లకంటే ఎక్కువ ఆటలు గెలుస్తున్నారు, అయినా వాళ్లను ఆలస్యంగా తీసుకుంటున్నారు, తొందరగా తీసేస్తున్నారు అని చూపించారు. కోర్టుకెక్కుతామన్నారు. అప్పుడు 2003లో రూనీ రూల్ వచ్చింది. ప్రధాన కోచ్ కుర్చీ ఖాళీ అయినప్పుడు శ్వేతేతరుల్లో కనీసం ఒకర్ని ఇంటర్వ్యూకు పిలవాలని అప్పుడు పెట్టిన రూలు. 2007 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడిన రెండు జట్లకూ నల్ల కోచ్‌లే, టోనీ డంజీ, లవీ స్మిత్. అయితే రూలు పిలవమంది, తీసుకోమనలేదు. ముందే మనిషిని ఖాయం చేసుకుని, రూలు కోసం ఒక నల్లవాణ్ణి పిలిచి మాట్లాడి పంపిస్తున్నారనే ఆరోపణతో 2022 ఫిబ్రవరిలో బ్రయన్ ఫ్లోరెస్ అనే కోచ్ లీగ్ మీద దావా వేశాడు. అప్పటికి 32 జట్లలో నల్ల ప్రధాన కోచ్ ఒకే ఒక్కడు. మన బ్యాక్‌లాగ్ పోస్టుల ఇంటర్వ్యూలు చూసినవాళ్లకు, తగిన అభ్యర్థి దొరకలేదు అనే ముక్క చదివినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇంకొక్కటి చెప్పి మన దేశానికి వస్తాం. ఈ ఆటలో లైన్‌మన్ తల ప్రతి ఆటలో పదేపదే గుద్దుకుంటుంది. 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ అనే తెల్ల లైన్‌మన్ మెదడును నైజీరియాలో పుట్టిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు పరీక్షించి, ఆ గుద్దుల వల్లే మెదడు దెబ్బతిందని చూపించాడు. మాజీ ఆటగాళ్లు కేసు వేసి నష్టపరిహారం సాధించారు. ఆ పరిహారం లెక్కలో ఏం చేశారో తెలుసా? నల్లవాడి బుద్ధి మొదట్నించీ తక్కువే ఉంటుందని అనుకుని, అక్కడి నుంచి ఎంత పోయిందో కొలిచారు. అంటే ఒకే దెబ్బ తగిలినా నల్లవాడికి పోయింది తక్కువని లెక్క తేలుతుంది, డబ్బు రాదు. ఇద్దరు నల్ల మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకు పోతే, 2021లో ఆ పద్ధతి మానేస్తామని లీగ్ ఒప్పుకుంది. పొట్టకూటి కోసం తల పగలగొట్టుకున్నవాడికి, నీ తలకు విలువే తక్కువ అని శాస్త్రం పేరుతో చెప్పారు. మనువు అయినా ఇంతకంటే ఏం రాశాడు?

మన దగ్గర పల్వంకర్ బాలూ ఉన్నాడు. చమార్ కులంలో పుట్టి, పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో మైదానం పనిచేస్తూ వాళ్లకు బంతులేసి, దేశంలోనే మేటి బౌలర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండ్ పోయిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల జట్టులో మైదానంలో ఆయన బంతి కావాలి. టీ వేళకు మాత్రం ఆయనకు బయట, విడిగా, మట్టి ముంతలో పోసేవాళ్లు. అన్నేళ్లు ఆడినా ఆయనకు కెప్టెన్ పదవి ఇవ్వలేదు. పోరాటం తర్వాత 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఇచ్చారు. బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. రాజకీయంగా ఆయన దారి వేరు. అయినా మైదానంలో ఆయనకు జరిగింది మనందరికీ జరిగిందే.

విద్యార్థి మిత్రులారా, మన వాడల్లో కబడ్డీ ఆడని పిల్లవాడు ఉన్నాడా? వాలీబాల్ కొట్టనివాడు ఉన్నాడా? పరుగులో ముందుండే ఆడపిల్లలు లేరా? మైదానంలో మనవాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టి ఊరుకోవద్దు. ఈల ఎవరి నోట్లో ఉంది, ఎంపిక కమిటీలో ఎవరు కూచున్నారు, క్రీడా సంఘం తాళం ఎవరి బొడ్లో ఉంది, అది లెక్కపెట్టండి. మీ మండలంలో, మీ జిల్లాలో పేర్లతో సహా రాసుకోండి. జానీ కాక్రన్ చేసింది అదే, లెక్కలు ముందు పెట్టాడు.

స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో రాగానే ఆటను గోడకు తగిలించొద్దు. పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ ఉంది, అక్కడ కోచ్ డిప్లొమా ఉంది. విశ్వవిద్యాలయాల్లో వ్యాయామ విద్య కోర్సులు ఉన్నాయి. వాటికి దరఖాస్తు పెట్టండి. ఆడే రోజుల్లోనే నోటుబుక్కు పెట్టుకుని, ఎదుటివాడు ఎట్లా అడుగు వేశాడో, మీరు ఎందుకు తప్పారో రాసుకోండి. మీ ఒంట్లో ఉన్న చదువు కాగితం మీదికి వస్తేనే రేపు దాన్ని కాదనలేరు. కోచ్ కుర్చీ అడిగినప్పుడు అనుభవం ఏదీ అంటారు. అప్పుడు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి.

తర్వాత ఒక్కరు పైకి పోతే చప్పట్లు కొట్టి ఆగిపోకండి. ఆ ఒక్కరి వెనక రూలు ఉందా, ఆ రూలుకు పళ్లున్నాయా అని అడగండి. షెల్‌కు ముందు 21 మంది ఒక గదిలో కూచుని మేము ఆడం అన్నారు. విలేకరులు స్టేడియం ఎవరి డబ్బుతో కట్టారని అడిగారు. తల్లిదండ్రులు ఒక బస్సు అడిగారు. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ముందు వరసలో వంగి నిలబడ్డ మనిషి ఒకనాడు నిటారుగా నిలబడి జట్టుకు ఆజ్ఞ ఇవ్వగలిగాడు.

దారి చెయ్యడం మనకు తెలుసు. ఎన్ని తరాలుగానో ఎవరెవరికో చేస్తూనే ఉన్నాం. ఇక మనవాళ్ల కోసం చేద్దాం.

జై భీమ్.